రేవు రేవుకీ తాడందుకునే చేతులు: చింతపల్లి నుంచి బారువ దాకా పడవ డైరీ

పని ఏమిటంటే

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. దానికి దక్షిణంగా విజయనగరం జిల్లా తీరం చిన్న ముక్క. ఇంత పొడవునా చిన్న పడవ రాతిగోడ చాటున హాయిగా నిలబడే చోటు దాదాపు లేదు. మన దగ్గర రేవంటే ఇసుక ఒడ్డే. విరిగే కెరటాలు దాటుకుని వచ్చి, పడవను పది చేతులతో ఇసుక మీదికి లాగాలి. ఆ పది చేతులు పడవలో ఉండవు, ఒడ్డున ఉంటాయి. ఒడ్డున ఉన్నవాళ్లకి మనమెవరో తెలియదు. అయినా వస్తారు.

నౌకాదళం వాళ్ల హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు డెహ్రాడూన్ నుంచి తీరపు పటాలు వేస్తుంది. అవి ఓడలకు ప్రాణంలాంటివి. కానీ బుడగట్లపాలెంలో కెరటం ఎక్కడ విరుగుతుందో, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక దిబ్బ ఈ ఏడాది ఏ పక్కకు జరిగిందో వాటిలో దొరకదు. ఆ సంగతులు ఒడ్డున వల కుట్టుకుంటున్న మనిషికి తెలుసు. ఆ మాటలన్నీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించాలని ఈ పని మొదలుపెట్టాను. ఊరికి రెండు పేజీలు: ఒక పేజీలో బొమ్మ, రెండో పేజీలో అక్కడివాళ్లు చెప్పిన మాట చెప్పినట్టుగా.

నేను శ్రీకాకుళంలో పడవ ఇంజన్లు బాగుచేస్తాను. నాతో వస్తున్నది బందరువానిపేటకు చెందిన తండేలు, అంటే పడవ నడిపించే పెద్ద. వరసకు ఏమీ కాకపోయినా మావా అని పిలుస్తాను, ఆయన అల్లుడూ అంటాడు. మూడోవాడు మా తమ్ముడు. వాడికి ఈత బాగా వచ్చు, మాట తక్కువ.

పడవ సిద్ధం

పాత ఫైబర్ పడవ. పైన కప్పు లేదు, లోపల అడ్డ బల్లలు మూడు. వెనక ఇంజను బిగించే చెక్కలో నీళ్లు దిగి మెత్తబడింది. దాన్ని పూర్తిగా తీసేసి, కొత్త చెక్క కోసి పెట్టి, పైన ఫైబర్ మ్యాట్ రెండు పొరలు వేసి రెజిన్ పట్టించాం. చలికాలం పొద్దుట పూట రెజిన్ త్వరగా గట్టిపడదు. ఎండెక్కాక కలిపితేనే పని సాగుతుంది. అడుగున గీతలు పడ్డ చోట్ల గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పూత వేశాం.

ఇంజను 9.9 హార్స్ పవర్ టూ స్ట్రోక్. మన తీరంలో చాలామంది పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్ మీద నడుపుతారు. ఖర్చు తగ్గుతుంది, ప్లగ్గు మాత్రం త్వరగా మసిబారుతుంది. ఆపబోయే ముందు కాసేపు మళ్లీ పెట్రోలు మీద నడిపితే కార్బొరేటర్ శుభ్రంగా ఉంటుంది. నేను మాత్రం ఈ ప్రయాణానికి పూర్తిగా పెట్రోలే పెట్టుకున్నాను. కెరటాల మధ్య ఇంజను ఒక్కసారి దగ్గితే చాలు, పడవ అడ్డం తిరుగుతుంది.

సామాను: లంగర్లు రెండు (ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి), పొడవాటి నైలాను తాళ్లు, లైఫ్ జాకెట్లు, చేతి జీపీఎస్, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు, పొగ సిగ్నళ్లు, తెడ్లు, మంచినీళ్ల డబ్బాలు, స్పేర్ ప్లగ్గులు, పానాలు, నోటు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో. బయల్దేరే ముందు మెరైన్ పోలీసులకు పడవ కాగితాలు చూపించి, ఎటు వెళ్తున్నామో చెప్పాం. ప్రతి సాయంత్రం ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు ఇచ్చే కెరటాల సూచన చూసుకోవడం తమ్ముడి డ్యూటీ.

కాలం కూడా చూసుకున్నాం. ఫిబ్రవరి దాటాక తీరం వెంట నీళ్లు ఉత్తరంగా లాగడం మొదలవుతుంది, కాబట్టి దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తే ఇంజనుకు శ్రమ తగ్గుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం. అప్పుడు ఒడ్డున మనుషులుంటారు కానీ సముద్రం మీద తోడుగా ఒక్క ఇంజను పడవా ఉండదు. అందుకే నిషేధం రాకముందే ముగించాలనుకున్నాం.

చింతపల్లి

పడవను వ్యాను మీద ఇక్కడి దాకా తెచ్చి నీళ్లలోకి దింపాం. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో ఉన్న ఈ ఊరికి పాతకాలం నుంచి లైట్‌హౌస్ ఉంది. ఒడ్డుకు దూరంగా నీళ్ల కింద దాగిన రాళ్లున్నాయి, ఓడలకు భయమంతా వాటితోనే. ఇప్పుడు అక్కడికి స్కూబా డైవింగ్ చేసేవాళ్లు కూడా వస్తున్నారు.

వ్యాను దిగగానే వల బాగుచేసుకుంటున్న నలుగురు తలెత్తి చూశారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

“ఎవులోళ్లు బాబూ? యే ఊరు మీది?”

మావ తన పేటా, తన తండ్రి పేరూ చెప్పాడు. అంతే, వాళ్లలో ఒకాయనకి మావ చిన్నాన్న తెలుసని తేలింది. ఎప్పుడో గుజరాత్‌లోని వీరావల్‌లో ఒకే బోటులో పనిచేశారట. ఇక వల పక్కన పెట్టేసి పడవ మోయడానికి వచ్చేశారు. ఒడ్డున పడవ మోయడానికి ఒక లయ ఉంటుంది. ఒకరు పాటలాగా పిలుపు ఇస్తే మిగిలినవాళ్లు ఒక్కసారే బలం వేస్తారు. మాకు ఆ లయ అందుకోవడానికి కాసేపు పట్టింది, వాళ్లు నవ్వుతూ నేర్పారు.

పుస్తకంలో మొదటి పేజీ ఇక్కడే నిండింది. రాళ్లను తప్పించుకోవడానికి వాళ్ల గుర్తు ఏమిటో అడిగాను. ఒడ్డున కనిపించే రెండు గుర్తులు, దగ్గరిది ఒకటి, దూరానిది ఒకటి, ఒకే వరసలోకి వస్తే ప్రమాదమట. లైట్‌హౌస్ ఒక గుర్తు, దాని వెనక తాటిచెట్ల గుంపు ఇంకొకటి. “తాడి సెట్లు లైటు వెనక దాక్కున్నాయంటే ఎనక్కి తిరగాల” అన్నాడు ఆయన. జీపీఎస్‌లో అంకెలు కూడా రాసుకున్నాను. అయినా పుస్తకంలో పెద్దగా వేసింది ఆ తాటిచెట్ల బొమ్మే. బ్యాటరీ అయిపోయినా చెట్లు అక్కడే ఉంటాయి.

కొవ్వాడ, బుడగట్లపాలెం

తెల్లవారుజామున ఒడ్డు మీంచి సముద్రం వైపు గాలి తోలుతుంది, నీళ్లు నున్నగా ఉంటాయి. పది దాటాక సముద్రం గాలి మొదలై, మధ్యాహ్నానికి దక్షిణం నుంచి బాగా ఊపందుకుంటుంది. కాబట్టి మా లెక్క సులువు: చీకటుండగానే బయల్దేరడం, ఎండ ముదిరేలోపు ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కడం. కొవ్వాడ ముందు నుంచి సాగిపోయాం. వేటకు వెళ్తున్న పడవలు పక్కకు వచ్చి వేగం తగ్గించి, ఎవరమో అడిగి, చెయ్యి ఊపి వెళ్లాయి. ఒక పడవ వాళ్లు అడక్కుండానే రెండు కానాగంత చేపలు మా పడవలోకి విసిరారు. వాళ్ల పేర్లు కూడా తెలియవు.

బుడగట్లపాలెం దగ్గర ఒడ్డెక్కడం ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయిన పని. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఒడ్డుకు వంద గజాల దూరంలో ఆగి చూస్తే కెరటాలు రెండు వరసల్లో విరుగుతున్నాయి. బయటి వరసలో నీటి కింద ఇసుక గట్టు, లోపలి వరస ఒడ్డు అంచున. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, వాటి తర్వాత కాసేపు ఊరుకుంటుంది. ఆ ఊరుకున్న సమయంలోనే లోపలికి దూరాలి. పడవలోంచి చూస్తే ఆ గుంపు ఎప్పుడు అయిపోయిందో సరిగ్గా తెలియదు, మనకు కెరటం వీపే కనిపిస్తుంది. ఒడ్డున నిలబడ్డవాడికి ముఖం కనిపిస్తుంది.

ఒడ్డున ఒక పెద్దాయన మమ్మల్ని చూసి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో అడ్డంగా పట్టుకున్నాడు. ఆగమని. మావకు అది వెంటనే అర్థమైంది. ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వెనక లంగరు వేసి తాడు చేతిలో ఉంచుకున్నాడు. కెరటాలు మా కింద నుంచి ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి, ఒడ్డున విరిగి చప్పుడు చేస్తున్నాయి. నాకు అరచేతులు తడిసిపోయాయి. పెద్దాయన కదల్లేదు. ఇంకా కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా తువ్వాలు తలపైకెత్తి గిరగిరా తిప్పాడు.

“పోనీ అల్లుడూ!”

ఫుల్ థ్రాటిల్. బయటి గట్టు దాటాం. వెనక లంగరు తాడును మావ కొంచెం కొంచెంగా వదులుతూ పడవ తోక పక్కకు తిరగకుండా సూటిగా ఉంచుతున్నాడు. ఒడ్డు నుంచి కేకలు: “ఇంజను లేపీండి! తాడు ఇసిరీండి!” ఇంజను పైకెత్తాను. తమ్ముడు ముందు తాడు విసిరాడు. అది నీళ్లలో పడేలోపే ఎవరో అందుకున్నారు. నడుం లోతు నీళ్లలో ఎనిమిది మంది దాకా ఉన్నారు. వాళ్లలో ఒకరు అప్పుడే స్నానం చేసి వచ్చినట్టున్నాడు, పొడి లుంగీతోనే దిగిపోయాడు. తర్వాతి కెరటం మమ్మల్ని ఎత్తి ఇసుక మీద పెట్టింది. ఆ కెరటం వెనక్కి లాగక ముందే వాళ్లు పడవను పది అడుగులు లాగేశారు.

పెద్దాయన దగ్గరకు వెళ్లి దండం పెట్టాను. ఆయన తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకుని “అమాసకి ముందు రోజులివి, నీరు జోరుగుంటాది” అన్నాడు. మా తీరంలో అమావాస్యకీ పౌర్ణమికీ కూడా పోటుకీ పాటుకీ మధ్య తేడా ఇంచుమించు ఒకటిన్నర మీటర్లే, కానీ ఆ కాస్త తేడాకే ఇసుక గట్టు మీద కెరటం తీరు మారిపోతుంది. తువ్వాలు సంకేతాలను పుస్తకంలో బొమ్మలుగా వేసి ఆయనకే చూపించాను. ఒక బొమ్మలో చేతులు తప్పుగా వేశానని దిద్దించాడు.

ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చోడంబలీ (రాగి అంబలి), కాల్చిన ఎండు చేపా పెట్టారు. ఆ ఇంటి ముసలమ్మ మా తమ్ముడి చొక్కా తడిసిందని పొడి చొక్కా తెచ్చి ఇచ్చింది. అది ఆమె కొడుకుదట, చెన్నైలో బోటు మీద ఉన్నాడట. డబ్బులు ఇవ్వబోతే ఆమె ముఖం చిన్నబోయింది.

“డబ్బులేటి నాన్నా. మా గుంటడు అక్కడ ఎవులింట్లో తింతన్నాడో.”

అందుకు నేను చేయగలిగింది నా పనే. ఒడ్డున మూలకు పడేసిన ఇంజను ఒకటి ఉంది, స్టార్ట్ అవుతుంది కానీ లోడు పడగానే ఆగిపోతోందట. విప్పి చూస్తే కార్బొరేటర్ మెయిన్ జెట్‌లో, అంటే ఇంధనం వచ్చే సన్న రంధ్రంలో, కిరోసిన్ జిగురు గట్టిపడి సగం మూసుకుపోయింది. సన్నటి రాగి తీగతో శుభ్రం చేసి, ఫ్లోట్ ఎత్తు సరిచేసి, ప్లగ్గులు మార్చాను. ఇనప తీగతో పొడిస్తే జెట్ రంధ్రం పెద్దదైపోతుంది. ఈ సంగతి అక్కడి కుర్రాళ్లిద్దరికి చూపించి, వాళ్ల చేత్తోనే రెండో జెట్ శుభ్రం చేయించాను. ఇంజను తొట్టెలో నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. అప్పటి నుంచి ప్రతి రేవులోనూ సగం పూట ఇదే పని పెట్టుకున్నాను. ఇంజను దగ్గర కూర్చున్నప్పుడే మనుషులు అసలు కబుర్లు చెబుతారు.

రెండు మొగలు

బుడగట్లపాలెం దాటాక నాగావళి మొగ, దాని తర్వాత కళింగపట్నం దగ్గర వంశధార మొగ. మొగల దగ్గర నది నీళ్లూ సముద్రం నీళ్లూ ఎదురుపడి, కెరటం నిటారుగా లేస్తుంది. పాటు సమయంలో అయితే మరీ ఎక్కువ. మేం రెండింటినీ దూరంగా చుట్టి వెళ్లాం.

బందరువానిపేటలో మావ ఇల్లు. ఇక్కడ కొత్తవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఎక్కువ రాయను. కళింగపట్నం లైట్‌హౌస్ సాయంత్రం వెలిగాక చాలా దూరం నుంచి కనిపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగేవి, ఇప్పుడు ఒడ్డున షికారుకు వచ్చినవాళ్లూ, పక్కనే వల ఆరబెట్టుకునేవాళ్లూ ఉంటారు. వంశధార మొగ గురించి ఇద్దరు ముసలివాళ్లు మా ముందే గట్టిగా వాదించుకున్నారు. దిబ్బ ఉత్తరానికి పెరుగుతోందని ఒకరు, నది వరదొస్తే అంతా కొట్టుకుపోయి మళ్లీ మొదటికొస్తుందని ఇంకొకరు. ఇద్దరి మాటలూ పక్కపక్కనే రాశాను, ఎందుకంటే ఇద్దరూ చూసిందే చెబుతున్నారు.

భావనపాడు

కళింగపట్నం నుంచి సుమారు 35 కిలోమీటర్లు. ఇక్కడ క్రీక్ (సముద్రపు పాయ) లోపలికి పడవలు వెళ్లి నిలుస్తాయి. వెనక నౌపడా ఉప్పు మళ్లు, ఇంకాస్త లోపలికి వెళ్తే విదేశీ పక్షులు దిగే తేలినీలాపురం. దగ్గర్లో మూలపేట పోర్టు పనులు, 2023లో శంకుస్థాపన జరిగింది. రాత్రి పూట ఆ వెలుగు చాలా దూరం కనిపిస్తుంది. పాత గుర్తులతో పాటు ఇప్పుడు దీన్నీ పుస్తకంలో రాయాలి.

ఇక్కడ మమ్మల్ని తమ పడవ పక్కన కట్టుకోమని పిలిచినాయన వీరావల్‌లో చాలా ఏళ్లు కళాసీగా (బోటు మీద పనివాడిగా) చేశాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్ బోట్లలో పనికి వెళ్లేవాళ్లు ఎంతమందో ఈ ఒడ్డున తిరిగితేనే తెలుస్తుంది. ప్రతి మూడో ఇంట్లో ఎవరో ఒకరు అక్కడికి వెళ్లొచ్చినవాళ్లే అనిపిస్తుంది. 2018 నవంబరులో అలా వెళ్లిన మన మత్స్యకారులను పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు, 2020 జనవరిలో విడిచిపెట్టారు. ఆ మాట ఎత్తగానే అక్కడున్న అందరూ కాసేపు దాని గురించే మాట్లాడారు. ఈయన ఆ బోట్లలో లేడు, కానీ ఆ రోజుల్లో పేటలో ఆడవాళ్లు ఫోన్ల ముందు కూర్చుని ఎలా ఉన్నారో చెప్పాడు.

తర్వాత ఆయన చెప్పిన ఇంకో మాట వల్ల ఈ పుస్తకానికి నా లెక్కలో అర్థం మారింది. మొదటిసారి వీరావల్ వెళ్లినప్పుడు ఆయనకు భాష రాదు. జెట్టీ మీద జ్వరంతో పడుకుంటే, పక్క బోటులోని గుజరాతీ తండేలు ఒకాయన తన దుప్పటి కప్పి, టీ పట్టించి, మూడు పూటలా కనిపెట్టుకున్నాడట. “ఆయన పేరు కూడా నాకు సరిగ్గా నోరు తిరగదు బాబూ. మీరు ఇయాల మా రేవులోకి వొచ్చినారు. మరి నేనేటి సెయ్యాల?”

నేను ఏమీ అనలేకపోయాను. మావ మాత్రం తలూపాడు, ఆయనా అక్కడికి వెళ్లొచ్చినవాడే. మన ఒడ్డు మనిషి ఎక్కడో ఒకచోట కొత్తవాడిగా దిగి, ఎవరో పెట్టిన అన్నం తిన్నవాడే. బుడగట్లపాలెం ముసలమ్మ మాట ఇక్కడికొచ్చాక నాకు పూర్తిగా తలకెక్కింది. అప్పటిదాకా పుస్తకంలో ఇసుక గట్లూ, గుర్తులే రాస్తున్నాను. అప్పటి నుంచి ప్రతి ఊరి పేజీ చివర ఒక గీత గీసి, ఆ ఊరివాళ్లు పనికి ఏ రేవులకు వెళ్తారో, అక్కడ వాళ్లకు ఎవరు సాయం చేశారో అడిగి రాస్తున్నాను. పేర్లు వద్దన్నవాళ్లవి రాయలేదు.

నువ్వలరేవు

వజ్రపుకొత్తూరు మండలం. రెండు మూడేళ్లకోసారి ఊరంతా కలిసి ఒకేసారి పెళ్లిళ్లు చేసుకునే ఊరుగా దీనికి పేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ చుట్టుపక్కలే తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు చెబుతారు.

ఇక్కడ ఒడ్డెక్కాక ముందుగా ఊరి పెద్దల దగ్గరికి తీసుకెళ్లారు. మా సంగతి అంతా విన్నారు, పుస్తకం తిరగేశారు, ఒకాయన బుడగట్లపాలెం పేజీ దగ్గర ఆగి “మనోల్లు ఇలగే ఊపుతారు” అని తువ్వాలు బొమ్మ చూపించాడు. ఆ తర్వాత ఊరు మొత్తం మాదే అయిపోయింది. గాలి పెరిగిందని మరునాడు బయల్దేరనివ్వలేదు. మేం వెళ్లగలమని చెప్పినా ఒప్పుకోలేదు. మధ్యాహ్నానికి సముద్రం తెల్లగా నురగలు కక్కుతుంటే ఎవరూ ఏమీ అనలేదు, కోనాం చేప పులుసుతో భోజనం పెట్టారు.

ఊళ్లో పదో తరగతి చదివే అబ్బాయి బొమ్మలు బాగా వేస్తాడు. ఒడ్డు నుంచి కనిపించే గుర్తులను సముద్రం మీంచి చూసినట్టుగా వేయమంటే, తండ్రి పడవెక్కి వెళ్లి చూసి వచ్చి మరీ వేశాడు. కొబ్బరి తోటల గీత, నీళ్ల ట్యాంకు, గుడి శిఖరం, వెనక నీలంగా కొండలు. పుస్తకంలో ఇప్పటికి అన్నిటికన్నా మంచి పేజీ అదే. మిగతా బొమ్మలు కూడా వాడి చేతే మళ్లీ వేయించాలని ఉంది.

బారువ

ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఎడమ పక్కన 1,501 మీటర్ల మహేంద్రగిరి పెరుగుతూ వచ్చింది. పొద్దుట పూట మంచు లేకపోతే దాన్ని చూసుకుంటూ పడవ నడపొచ్చు. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. లైట్‌హౌస్ ఉంది. 1917లో మంటలంటుకున్న ఎస్.ఎస్. చిల్కా అనే ఓడ శిథిలాలు ఇక్కడి నీళ్ల కిందే ఉన్నాయి. వలలు చిక్కుకునే చోటు కాబట్టి వేటగాళ్లందరికీ అది ఖచ్చితంగా ఎక్కడుందో తెలుసు, మాకు పడవలో వెంట వచ్చి చూపించారు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా. రాత్రి ఒడ్డున కాపలా ఉన్న ఇద్దరు కుర్రాళ్లు మా టార్చి ఆపించారు, వెలుగు చూస్తే తాబేలు వెనక్కి తిరిగిపోతుందట. వాళ్లతో పాటు చీకట్లో నడిచాం. తాబేళ్లు ఎక్కువగా ఎక్కే ముక్క ఎక్కడిదాకానో వాళ్లే కొలిచి చెప్పారు. పుస్తకంలో ఆ చోట “ఈ నెలల్లో ఇక్కడ పడవ లాగొద్దు” అని ఎర్ర సిరాతో రాశాను.

ఇప్పుడు మిగిలిన పని

పడవను బారువలోనే ఒక ఇంటి పక్కన బోర్లా పెట్టి, కొబ్బరి మట్టలు కప్పి వచ్చాం. అడుగున ఒకచోట పూత లేచింది, నిషేధం రోజుల్లో వెళ్లి సరిచేయాలి. ఇంజను విప్పి తెచ్చాను, వాటర్ పంపు ఇంపెల్లర్‌ను (నీళ్లు తోడే రెక్కల చక్రాన్ని) ఇసుక బాగా తినేసింది. ఒడ్డున ఎక్కి దిగే ఇంజన్లకు ఇది తప్పదు, కాబట్టి ప్రతి రేవులో ఒక స్పేర్ ఇంపెల్లర్ ఉంచితే బాగుంటుందని చెప్పి వచ్చాను.

పుస్తకాన్ని జిరాక్స్ తీయించి, బైండింగ్ చేయించి, దిగిన ప్రతి రేవుకూ ఒకటి పంపుతున్నాను. తప్పులుంటే అక్కడే దిద్ది తిరిగి పంపమన్నాను. బుడగట్లపాలెం ప్రతితో పాటు ముసలమ్మ కొడుకు చొక్కా కూడా ఉతికి, ఇస్త్రీ చేయించి పెట్టాను.

బారువ నుంచి కవిటి తీరం మీదుగా ఇచ్ఛాపురం వైపు డొంకూరు దాకా ముక్క మిగిలింది. జూన్ 14 తర్వాత నైరుతి గాలి ముదురుతుంది కాబట్టి ఆ పని వచ్చే చలికాలం తర్వాతే. డొంకూరులో ఒడ్డెక్కే చోటు గురించి తెలిసినవాళ్లు, అక్కడ ఎవరిని కలవాలో చెప్పగలిగినవాళ్లు ఉంటే ఒక్క మాట చెప్పండి. రెండు ఖాళీ పేజీలు అట్టేపెట్టాను.